బస్సెక్క నేర్పుటయు విద్యయే

మన పాఠశాలలలో బాలురకు దేశపటము చూపి గంగానది యెచ్చట పుట్టినదో, ఎచ్చట సముద్రమున గలియుచున్నదో చెప్పింతుము. పండ్రెండేండ్ల బాలుడు ఖండముల పేరులు తడువుకొనకుండ వల్లించును. అట్టివానిని పది కిలోమీటర్ల దూరమున నున్న మేనమామగారి యూరికి బస్సెక్కి యొంటరిగా పోయి రమ్మన్నచో వాడును బెదరును, తలిదండ్రులును బెదరుదురు. ఏ బస్సెక్కవలెనో, టిక్కెట్టు ఎట్లు తీసికొనవలెనో, ఎచ్చట దిగవలెనో వానికి తెలియదు. తెలుపవలెనని పెద్దలకు తోచలేదు. లోకమును పటములో నెఱిగి వీధిలో నెఱుగని చదువు సగము చదువే యగును.

ప్రజల వాహనమునందు జాగరూకతతోను, నిర్భయముగను ఒంటరిగా ప్రయాణము చేయగల నేర్పు విద్యలో నొక భాగమని మా యభిప్రాయము. ఈ నేర్పు వయసుతో తనంతట వచ్చునది కాదు. ఈతవలె దగ్గఱ నుండి నేర్పవలసినది. నీట దింపకుండ ఈత నేర్పువాడు లేడు. నేర్పకుండ నడియేటిలో త్రోయువాడును లేడు. బస్సు విషయమున మాత్రము మన గృహస్థులు ఈ రెండు తప్పులలో నేదో యొకటి చేయుచున్నారు. పట్టణములలో కలిగినవారు పిల్లలను పదునెనిమిదేండ్లు నిండువఱకు ఇంటి బండి దింపక పెంచి, అటుపిమ్మట ఒక్కసారిగా దూరపు కళాశాలకు పంపివేయుచున్నారు. పల్లెలలో పేదవారు గత్యంతరము లేక పదేండ్ల పిల్లను క్రిక్కిఱిసిన బస్సులో నెక్కించి దేవునిపై భారము వేయుచున్నారు. ఈ రెంటికిని నడుమ శిక్షణ మను మార్గమొకటి యున్నది. దానిని గూర్చియే యిచ్చట వ్రాయ దలచితిమి.

ప్రజల సొత్తు

తెలుగునాట ప్రభుత్వ బస్సు నిన్న మొన్న పుట్టినది కాదు. 1932వ సంవత్సరమున నిజాం రాష్ట్ర రైల్వే వారు రోడ్డు రవాణా శాఖ నొకదానిని నెలకొల్పి 27 బస్సులతోను, 166 మంది యుద్యోగులతోను నడుప నారంభించిరి. స్వాతంత్ర్యానంతరము 1950లో రోడ్డు రవాణా సంస్థల చట్టము వచ్చెను. ఆ చట్టము ననుసరించి 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడెను. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట సంస్థయు రెండయ్యెను. ఆంధ్రప్రదేశమున 2020 జనవరినుండి ఆ యుద్యోగులు ప్రభుత్వోద్యోగులైరి. ఇరువదియేడు బస్సులతో మొదలైన యీ వాహనశ్రేణి నేడు వేలకు వేలుగా పెరిగి, కొండ తండాలకును సముద్రపుటొడ్డునకును పోవుచున్నది. అది యే యొక్క యజమాని సొత్తును గాదు; మన పన్నులతోను, మన టిక్కెట్టు డబ్బుతోను నిలిచిన ప్రజల సొత్తు.

గాంధీమహాత్ములు 1915లో దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చిన పిమ్మట మూడవ తరగతి రైలుపెట్టెలలో దేశమంతయు తిరిగిరి. 1917లో ఆ తరగతి ప్రయాణికుల యవస్థలను వివరించుచు పత్రికలకు దీర్ఘమైన లేఖ వ్రాసిరి. సామాన్యునితో గలిసి ప్రయాణము చేయనిదే సామాన్యుని దేశమును తెలిసికొనజాలమని వారు ఆచరణచే చూపిరి. నేటి బాలునకు ఆ మూడవ తరగతి పెట్టె పల్లె వెలుగు బస్సే. కూరగాయల గంప దింపుకొను రైతుబిడ్డయు, ఆసుపత్రికి పోవు ముసలివాడును, ఉద్యోగమునకు పోవు ఉపాధ్యాయురాలును అచ్చట ఒక్క వరుసలో గూర్చుందురు. తన వంతు వచ్చువఱకు నిలుచుట, ముసలివారికి చోటిచ్చుట, చిల్లర విషయమున మర్యాదగా మాటలాడుట అను పౌరధర్మములను పాఠ్యపుస్తకముకంటె నీ బస్సు బాగుగా నేర్పగలదు.

ఇంటికిని బడికిని నడుమ

ఇది వట్టి మర్యాదల విషయమే యైనచో ఇంత వ్రాయ నక్కఱలేదు. ఎందఱో పిల్లల చదువు బస్సుపై నాధారపడి యున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆఱేండ్లనుండి పదునాలుగేండ్లవఱకు గల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్య నిచ్చినది. ప్రాథమిక పాఠశాల యొక కిలోమీటరు లోపలను, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపలను ఉండవలెనని నియమములు చెప్పుచున్నవి. ఆపైని ఉన్నత పాఠశాల యింకను దూరము. జూనియరు కళాశాల మఱింత దూరము. అనగా పిల్ల యెదిగినకొలది బడి యింటికి దూరమగుచుండును. ఆ దూరము పెరుగు వయసునందే ఆడపిల్ల విషయమున తలిదండ్రుల భయమును పెరుగును. దూరమును భయమును గలిసిన చోట చదువు ఆగిపోవుచున్నది.

ఈ దూరము తగ్గించుటకు ప్రభుత్వములు ముఖ్యమైన పనియే చేసినవి. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీనుండి మహాలక్ష్మి పథకము క్రింద బాలికలకును స్త్రీలకును పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచిత మయ్యెను. ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీన, స్వాతంత్ర్య దినమునందే, స్త్రీశక్తి పథకము ప్రారంభమయ్యెను. ఇందుచే టిక్కెట్టు ఖర్చు అను అడ్డంకి తొలగినది. కాని భయము నుచితముగా తొలగించు పథక మేదియు లేదు. ఎక్క నేర్పని పిల్లకు ఉచిత ప్రయాణము వ్రాతలో నున్న హక్కు మాత్రమే. ఆ హక్కును నిజము చేయవలసిన భారము గృహముమీదను, పాఠశాలమీదను ఉన్నది.

పిల్లలు బస్సును తమ హక్కుగా నెఱిగినచో నేమి సాధింపగలరో తెలుపుట కొక యుదాహరణము చాలును. కరోనా కాలమున రంగారెడ్డి జిల్లాలోని యొక గ్రామమునకు బస్సు నిలిచిపోయెను. బడులు తెఱచిన పిమ్మటను అది తిరిగి రాలేదు. అప్పుడు, 2021లో, ఆ యూరి పాఠశాల బాలిక యొకతె నాటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి శ్రీ ఎన్.వి. రమణ గారికి తమ కష్టము తెలుపుచు జాబు వ్రాసినది. ఆయన యా సంగతిని సంస్థవారి దృష్టికి దెచ్చిరి. బస్సు మరల నడిచెను. బస్సు తనకు రావలసినదని యెఱిగిన పిల్ల గావుననే ఆమె యడుగగలిగెను. బస్సెఱుగని పిల్లకు అది రాకపోవుట లోటుగానే తోపదు.

భయమునందలి నిజము

తలిదండ్రుల భయము వట్టిది కాదు. 2018 సెప్టెంబరు 11వ తేదీన జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు రోడ్డుపై ప్రభుత్వ బస్సు లోయలో బడి యాబదిమందికి పైగా మరణించిరి. పట్టవలసినవారికంటె మిక్కిలి యెక్కువ మంది ఆ బస్సులో నుండిరి. అంతమాత్రముచే సొంతముగా బాడుగ చెల్లించి పంపు బండి క్షేమకరమని తలపరాదు. 2014 జూలై 24వ తేదీన మెదకు జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని రైల్వే గేటునొద్ద రైలు తాకి, బడి బస్సులోని చిన్నారులు పలువురు ప్రాణములు గోల్పోయిరి. ఇక ముగ్గురు పట్టు ఆటోలో పదిమంది పిల్లలను గూర్చుండబెట్టి, సంచులను వెలుపల వ్రేలాడదీసి పోవు దృశ్యము మనకు నిత్యానుభవమే. అపాయము లేని వాహనము లేదు. అపాయ మెచ్చట నున్నదో తెలిసికొని తప్పించుకొను నేర్పే పిల్లకు రక్ష.

బస్సు ప్రయాణమున ఆ యపాయము ముఖ్యముగా మూడుచోట్ల నున్నది. ఎక్కునపుడును దిగునపుడును ఒకటి. ఫుట్‌బోర్డుపై వ్రేలాడునపుడు రెండవది. దిగిన వెంటనే రోడ్డు దాటునపుడు మూడవది. బస్సులో సీటునందు కుదురుగా గూర్చున్న పిల్లకు వీనిలో నేదియు లేదు. ఈ మూడింటిలోను ప్రయాణికుని నడవడి వలన తప్పింపదగినదే యెక్కువ. తలిదండ్రులు ఈ సంగతి గ్రహించినచో వారి భయమునకు ఒక యాకారము వచ్చును. ఆకారము గల భయమునకు మందు వేయవచ్చును.

మెట్టు మెట్టుగా నేర్పుట

ఏ వయసున నేర్పవలెనను ప్రశ్నకు అందఱికిని ఒక్కటే జవాబు లేదు. తొమ్మిది పదేండ్లు వచ్చువఱకు పిల్లలు ఎదురుగా వచ్చు వాహనము వేగమును, దూరమును సరిగా నంచనా కట్టలేరని నిపుణులు చెప్పుదురు. కావున ఆ వయసులోపల ఒంటరిగా రోడ్డు దాటనీయరాదు. కాని నేర్పుట యంతకు చాల ముందే మొదలిడవచ్చును. ఏడెనిమిదేండ్ల పిల్ల తలితో బస్సెక్కునపుడు సంచివలె వెంట పోక, చూచుచు, చదువుచు, అడుగుచు పోవలెను.

మొదటి మెట్టున పెద్దలు వెంట నుండి, పనులు మాత్రము పిల్లచే చేయింపవలెను. బస్సు నుదుటి బోర్డును పిల్ల చదువవలెను. కండక్టరును టిక్కెట్టు పిల్ల యడుగవలెను. డబ్బు పిల్ల చేతిలో నుండవలెను. టిక్కెట్టుమీద ఎక్కిన చోటు, దిగు చోటు, వెల సరిగా నున్నవో లేవో పిల్ల చూడవలెను. కండక్టరునొద్ద చిల్లర లేక టిక్కెట్టు వెనుక బాకీ వ్రాసి యిచ్చుట మన బస్సులలో మామూలు. దిగుటకు ముందే ఆ టిక్కెట్టు చూపి బాకీ యడిగి పుచ్చుకొనుటయు నొక పాఠమే. ఉచితముగా ప్రయాణము చేయు బాలికయు సున్న వెల టిక్కెట్టు తప్పక తీసికొనవలెను. ఆమె ప్రయాణించినదని లెక్కకు వచ్చునది ఆ టిక్కెట్టు వలననే. కండక్టరు లేని సర్వీసులలో డ్రైవరే టిక్కెట్టు ఇచ్చునని, అట్టిచోట నెక్కునపుడే తీసికొనవలెనని తెలుపవలెను.

బోర్డు చదువుట యనగా ఊరి పేరు చదువుట మాత్రమే కాదు. హైదరాబాదులో పటాన్‌చెరువునుండి 218వ నంబరు బస్సెక్కినచో కోఠి చేరుదుము. 219వ నంబరు బస్సెక్కినచో సికిందరాబాదు చేరుదుము. ఒక్క యంకె తేడాతో నగరము నొకచివరకు బదులు మఱియొక చివరకు పోవుదుము. పల్లె వెలుగు బస్సు ప్రతి యూర నాగును. ఎక్స్‌ప్రెస్ బస్సు ఆగదు. అందులో నెక్కిన పిల్ల తన యూరు కనులయెదుట దాటిపోవుట చూచి యేడ్చిన సందర్భములు లేకపోలేదు. సూపర్ లగ్జరీవంటి బస్సులలో ఉచిత ప్రయాణము చెల్లదు. నంబరు, ఊరు, బస్సు రకము అను మూడింటిని చదివి, అంతటితో నాగక, ఎక్కుటకు ముందు “ఈ బస్సు మా యూర నాగునా?” యని కండక్టరును నోరు తెఱచి యడుగుట అలవాటు చేయవలెను. అడుగుట చిన్నతనము కాదని పిల్లకు మనము చెప్పవలెను.

రెండవ మెట్టున పెద్దలు అదే బస్సులో నుండియు దూరముగా గూర్చుండవలెను. పిల్ల తనంతట టిక్కెట్టు తీసికొని, తనంతట దిగు చోటు గుర్తించి లేవవలెను. పొరబడినచో పెద్దలు వెంటనే పలుకరాదు. ఒక స్టాపు దాటిపోయినను నష్టము లేదు. వెనుకకు వచ్చుట యెట్లో నేర్చుకొనుటకు అదియే తగిన సమయము. మూడవ మెట్టున తండ్రి యీ చివర నెక్కించి, మేనత్తయో అమ్మమ్మయో ఆ చివర నిలిచి దింపుకొనవలెను. నాలుగవ మెట్టున తోటి పిల్లతో గలిసి పోవలెను. ఇన్నియు కుదిరిన పిమ్మట, పట్టపగలు, తెలిసిన దారిలో, ఒక్క బస్సుతో ముగియు చిన్న ప్రయాణమునకు ఒంటరిగా పంపవలెను. బస్సు మాఱవలసిన ప్రయాణము ఆ తరువాత. విజయవాడలోని పండిత నెహ్రూ బస్ స్టేషను, హైదరాబాదులోని మహాత్మాగాంధీ బస్ స్టేషనువంటి పెద్ద చోట్లకు ముందొకనాడు ఊరక తీసికొనిపోయి, ప్లాట్‌ఫారముల నంబరులు, విచారణ కేంద్రము, పోలీసువారుండు చోటు, మరుగుదొడ్లు చూపి తేవలెను. ఇందుకు పట్టునది ఒక సెలవు దినము మాత్రమే.

ఈ మెట్లలో నొకదానినుండి మఱియొకదానికి పోవుటకు గడువు పెట్టరాదు. ఒక పిల్లకు నెలలో కుదిరినది వేఱొక పిల్లకు ఏడాదిలో కుదురవచ్చును. అన్నతో చెల్లెలిని, పొరుగు పిల్లతో మన పిల్లను పోల్చుట వలన ధైర్యము రాదు, సిగ్గు వచ్చును. సిగ్గుపడిన పిల్ల తెలియనిది అడుగదు. అడుగని పిల్లయే దారి తప్పును.

ఎక్కుట, దిగుట

పిల్లలకు నిషేధములు మాత్రము చెప్పినచో నిలువవు. కారణము గూడ చెప్పవలెను. బస్సు పూర్తిగా నాగువఱకు రోడ్డు అంచునుండి అడుగు ముందుకు వేయరాదు. ఏలయన ఆగబోవు బస్సు చివరి క్షణమున ప్రక్కకు జరుగును. వెనుక చక్రము ముందు చక్రము పోయిన దారినే పోదు, లోపలివైపునకు కోసికొనివచ్చును. దిగువారు దిగిన పిమ్మట నెక్కవలెను. ఒక చేత కమ్మిని గట్టిగా పట్టుకొనవలెను గావున రెండు చేతులును సంచులతో నిండి యుండరాదు. బడిసంచి వీపున నున్నచో ఇఱుకులో తలుపునకో, ఇతరులకో తగులుకొనును. లోపలికి రాగానే దానిని ముందువైపునకు మార్చుకొనవలెను. కిటికీలోనుండి చేతిగుడ్డ విసరి సీటు పట్టుటకు బస్సు వెంట పరుగెత్తు విద్య పెద్దలనుండియే పిల్లలు నేర్చుచున్నారు. పెద్దలు మానినగాని వారు మానరు.

ఫుట్‌బోర్డుపై నిలిచి ప్రయాణించుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 123వ సెక్షనుచే నిషిద్ధము. డ్రైవరుగాని కండక్టరుగాని యట్లు ఎవరినైనను పోనిచ్చుటయు ఆ సెక్షను ప్రకారము తప్పే. మగపిల్లలు దానిని శౌర్యముగా భావించుచున్నారు. ఎదురుబండి రాసికొని పోయినపుడు ఆ శౌర్య మెవరిని గాపాడదు. “బస్సు నిండిపోయినది, తరువాతి దానిలో వచ్చెదను” అని ఆలస్యముగా బడికి వచ్చిన పిల్లను ఉపాధ్యాయుడు దండింపరాదు. ఆలస్యమునకు శిక్ష, వ్రేలాడి వచ్చినదానికి హాజరు అను నియమము పిల్లలను ఫుట్‌బోర్డు మీదికి త్రోయుచున్నది.

దిగవలసిన చోటునకు ఒక స్టాపు ముందే లేచి తలుపు దగ్గఱకు వచ్చి, కండక్టరునకు చెప్పవలెను. ఆయన “హోల్డాన్” అనినను బస్సు నిలిచిపోవువఱకు కదలరాదు. దిగుటకు ముందు ఎడమవైపు తొంగిచూడవలెను. బస్సునకును రోడ్డు అంచునకును నడుమ మోటారు సైకిలు దూఱి వచ్చుట మన రోడ్లపై సామాన్యము. దిగిన పిమ్మట అన్నిటికంటె ముఖ్యమైన సూత్రము: బస్సు ముందునుండి గాని వెనుకనుండి గాని రోడ్డు దాటరాదు. ఎత్తైన సీటుపై గూర్చున్న డ్రైవరునకు బస్సు ముందు దగ్గఱగా నున్న చిన్న పిల్ల కనబడదు. బస్సును దాటి వచ్చు లారీ డ్రైవరునకు బస్సు మాటున నున్న పిల్ల కనబడదు. కావున బస్సు సాగిపోవువఱకు అంచున నిలిచి, రోడ్డు రెండువైపుల కనబడినపుడు కుడివైపు, ఎడమవైపు, మరల కుడివైపు చూచి దాటవలెను. ఈ యొక్క సూత్రము పిల్లచే నిత్యము పాటింపజేసినచో ఒంటరి ప్రయాణమున గల పెద్ద యపాయ మొకటి తొలగినట్లే.

దారి తప్పినపుడు

దారి తప్పుట పాపము కాదు. తప్పినపుడేమి చేయవలెనో తెలియకపోవుటయే ప్రమాదము. వేఱు బస్సెక్కినట్లు తెలిసినచో కంగారుపడి చీకటిలోనో నిర్జనమైన చోటనో దిగిపోరాదు. కండక్టరుతో చెప్పి, మనుష్యసంచారము గల స్టాపుననో బస్ స్టాండుననో దిగవలెను. అచ్చట సంస్థ యుద్యోగినిగాని, పోలీసును గాని, పిల్లలతో నున్న స్త్రీని గాని సాయమడుగవలెను. బైటి వారి బండిపై “దింపెదము రమ్మ”న్నను ఎక్కరాదు. ఇంటి ఫోను నంబరు రెండైనను కంఠస్థముగా నుండవలెను. ఫోనులో దాచిన నంబరు ఫోను పోయిననాడు పనికిరాదు. పిల్లల సహాయమునకు 1098, అత్యవసరమునకు 112 అను నంబరులను ఎక్కములవలె నేర్పవలెను. తిరుగు ప్రయాణపు డబ్బు సంచిలో గాక వేఱుచోట దాచి యుంచవలెను. ఈ సంగతులు ఒకసారి చెప్పి వదలక, “ఇట్లు జరిగినచో నేమి చేయుదువు?” అని ప్రశ్నరూపమున నడుగుచు, పిల్ల నోట జవాబు చెప్పించుచుండవలెను.

చెప్పుకొన వీలుండవలెను

ఇక తలిదండ్రులు పైకి చెప్పని భయమొకటి యున్నది. రద్దీలో దుర్మార్గులుందురు. ఆడపిల్లలకే గాక మగపిల్లలకును వారివలన బాధ కలుగుట యున్నది. 2012 నాటి పోక్సో చట్టము పదునెనిమిదేండ్ల లోపు పిల్లలపై జరుగు ఇట్టి నేరములకు కఠినశిక్షలు విధించినది. ఆ చట్టమునకు బాలురు బాలికలను భేదము లేదు. పిల్లకు నేర్పవలసినది మూడు మాటలలో నున్నది. నీ శరీరముపై చేయివేయు హక్కు ఎవరికిని లేదు. అట్లు జరిగినచో చోటు మాఱుము, గట్టిగా అఱువుము, కండక్టరును పిలువుము. ఇంటికి వచ్చి చెప్పుము.

ఈ మూడవ మాట నిలుచుట పిల్లపై గాక మనపై నాధారపడి యున్నది. పిల్ల వచ్చి చెప్పినంతనే “రేపటినుండి బడి మానుము” అను తండ్రి యున్నచో ఆ పిల్ల మఱెన్నడును నోరు తెఱవదు. చెప్పినచో చదువు పోవును, చెప్పకున్నచో బాధ సాగును అను రెండు కష్టముల నడుమ ఎందఱో బాలికలు మౌనముగా ప్రయాణించుచున్నారు. తప్పు చేసినవాడు బస్సులో నుండ, తప్పు లేని పిల్ల ఇంట గూర్చుండుట న్యాయమా? చెప్పిన పిల్లను ముందుగా మెచ్చుకొనవలెను. మఱునాడు తామో, బంధువులో ఆ బస్సులో వెంట పోవలెను. డిపోలోను, పోలీసుస్టేషనులోను ఫిర్యాదు చేయవలెను. బస్సు మాన్పింపరాదు. పిల్ల బస్సెక్కుట సాగినగాని ఆ దుర్మార్గుడు ఓడినట్లు కాదు.

సంస్థయు సంఘమును

పిల్లకు నేర్పితిమని పెద్దలందఱును చేతులు దులుపుకొన వీలులేదు. మొదట సంస్థలవారు బడి వేళలకు సరిపోవునట్లు బస్సులు నడుపవలెను. ఉచిత ప్రయాణము వచ్చిన పిమ్మట స్త్రీలు బస్సులలో హెచ్చుగా ప్రయాణించుచున్నారు. ఇది సంతోషింపవలసిన విషయమే. కాని జనము పెరిగినంతగా బస్సులు పెరుగనిచోట బడిపిల్లలు తలుపునొద్ద వ్రేలాడవలసివచ్చుచున్నది. ఉదయము తొమ్మిది గంటల లోపలను, సాయంకాలము బడి విడిచిన వెంటనేయు ఒక్కొక్క బస్సెక్కువ నడపుట యీ విషయమున వేయి హెచ్చరికలకంటె మేలు. స్టాపున విద్యార్థుల గుంపు కనబడగానే వేగము పెంచి దాటిపోవు డ్రైవరులు కొందఱున్నారు. పిల్లలు పాసువారని, రాబడి లేనివారని తలచుట తగదు. పాసు భిక్ష కాదు. ప్రజాధనముతో నిచ్చిన హక్కు. మఱియొకవంక, ఎండలో వానలో నిత్యము వందలమందిని మోయుచు, పిల్లను పేరుపెట్టి పిలిచి దింపు డ్రైవరులును కండక్టరులును ప్రతి డిపోలో నున్నారు. గ్రామములు అట్టివారిని గుర్తించి గౌరవింపవలెను.

పాఠశాలలు ఏడాదికొకసారి విహారయాత్రకు ప్రత్యేకముగా బస్సు మాటలాడుకొనుచున్నవి. అట్లుగాక ఒక దినమున ఆఱవ తరగతి పిల్లలను చిన్నచిన్న జట్లుగా సామాన్యమైన బస్సులో మండల కేంద్రమునకు తీసికొనిపోయి, వారిచేతనే టిక్కెట్టులు తీయించి, గ్రంథాలయమునో తపాలా కార్యాలయమునో చూపి తెచ్చినచో అంతకు మించిన పాఠము లేదు. ఇంట నేర్పువారు లేని పిల్లకు ఆ యొక్క దినమే గురువగును.

జపాను దేశమున చిన్న పిల్లలు జట్లుగా నడిచి బడికి పోవుదురు; నగరములలో బడిపిల్లలు ఒంటరిగా రైళ్లలోను బస్సులలోను పోవుట చూడవచ్చును. దూరమునకు కనబడునట్లు చిన్న తరగతుల పిల్లలు పసుపుపచ్చని టోపీలు ధరింతురు. ఆపదలో పిల్లలు వచ్చి చేరవచ్చునని తెలుపు పలకలను దారిలోని యిండ్లవారును దుకాణదారులును తగిలించుకొందురు. అచ్చటి పిల్లల ధైర్యమునకు మూలము వారి పెద్దల కాపుదల. మన బస్ స్టాండు ప్రక్కన టీ దుకాణము వానికి, పండ్లమ్ము అవ్వకు ఆ దారిని పోవు పిల్లలందఱు ముఖపరిచితులే. “ఇంకను ఇంటికి పోలేదేమమ్మా?” అని యడుగు ఆ యలవాటు మనకు క్రొత్తది కాదు. దానిని పోగొట్టుకొనక నిలుపుకొనిన చాలును.

స్వాతంత్ర్యము వచ్చినదనుటకు గుర్తు కోటమీది జెండా యొక్కటే కాదు. పండ్రెండేండ్ల రైతుబిడ్డ తన యూరి స్టాపున నిలిచి, తన దేశపు బస్సును చేయెత్తి ఆపి, నిర్భయముగా నెక్కి, చదువుకొని సాయంకాలమునకు సుఖముగా ఇల్లు చేరుటయు స్వాతంత్ర్యమే. ఈ వేసవి సెలవులలో ప్రతి తలియు, ప్రతి తండ్రియు తమ పిల్లతో ఒక్కసారి బస్సెక్కి, దారి చూపు పని మాత్రము పిల్లకు వదలి, ప్రక్క సీటున మౌనముగా గూర్చుందురు గాక.